పాచీ, నీకు గోడ ఇస్తాను

అనకాపల్లి,
అక్టోబరు 13.

మా పెరటి కొలనులోని పచ్చపాచికి,

నీకు ఉత్తరం రాయాలని మే నెలాఖరులోనే అనుకున్నాను. అప్పుడే రాసి ఉంటే నిండా తిట్లే ఉండేవి. ఇప్పుడు ఫిర్యాదుతో పాటు ఒక లెక్క ఉంది, చివర్లో ఒక ఒప్పందం ఉంది. నలుగురూ చదివేలా రాయడానికి కారణం కూడా ఉంది. సిమెంటు తొట్లలో, డాబా మీది టబ్బుల్లో రంగు చేపలు పెంచుకునేవాళ్ళు నీ మీద కోపంతో చేపల్ని పోగొట్టుకోవడం చూశాను. నేనూ పోగొట్టుకున్నాను.

ముందు ఆ రాత్రి సంగతి చెప్పాలి.

రోహిణి కార్తె ఎండలు. మా పాత తొట్టి ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. పట్టే నీళ్ళు 2,260 లీటర్లు. అందులో 14 కోయి చేపలు. నువ్వు అప్పటికే నెల్లాళ్ళుగా తిష్ఠ వేసి ఉన్నావు. నీళ్ళు బచ్చలాకు నూరి కలిపినట్టుండేవి. మేతకి పైకొచ్చినప్పుడు తప్ప చేపలు కంటికి ఆనేవి కావు. ఆ సాయంత్రం ఈదురుగాలి లేచింది, కరెంటు పోయింది, మోటారు ఆగింది. చేపలు నీళ్ళలోనే ఉన్నాయి కదా, తెల్లారేదాకా వాటికేమవుతుందిలే అని పడుకున్నాం.

నాలుగున్నరకి మా చిన్నమ్మాయి లేపింది. "నాన్నా, చేపలు చప్పుడు చేస్తున్నాయి" అంది. టార్చి వేసి చూస్తే పద్నాలుగూ పైకి తేలి, మూతులు గాల్లో పెట్టి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పాలు తాగే పసిపిల్లల పెదాల చప్పుడు అలాగే ఉంటుంది. ఇంటిల్లిపాదీ బకెట్లతో నీళ్ళు తోడి ఎత్తు నుంచి పోస్తూనే ఉన్నాం. తెల్లారేసరికి మూడు పక్కకి ఒరిగిపోయాయి. మూడూ పెద్దవే. పెద్ద ఒంటికి ఊపిరి ఎక్కువ కావాలి కనక ఇలాంటప్పుడు ముందు పోయేవి అవే. అందులో ఒకటి తెల్లని ఒంటి మీద ఎర్రమచ్చ ఉన్నది, మా అమ్మాయి అరచేతిలోంచి మేత అందుకునేది. కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాం.

కైకలూరు వైపు చేపల చెరువులున్న మా బావమరిదికి పొద్దున్నే ఫోన్ చేశాను. జరిగింది వినగానే, "ఆక్సిజన్ పడిపోయింది బావా. రంగు ఎక్కువైన చెరువుకి తెల్లవారుజామే గండం" అన్నాడు.

ఆ మాటతో నీ సంగతి నాకు అర్థమయింది. పగలు ఎండలో నువ్వు నీళ్ళలోకి ప్రాణవాయువు వదులుతావు. పొద్దుగూకితే వదలడం ఆగిపోతుంది, నువ్వు దాన్ని పీల్చడం మాత్రం ఆగదు. రాత్రంతా చేపలు, నువ్వు, అడుగున కుళ్ళే మేత, ముగ్గురూ ఒకే కుండలోంచి తాగుతారు. కుండ ఖాళీ అయ్యేది తెల్లవారుజామున. మన వేసవిలో ఆ కుండే చిన్నది. 15 డిగ్రీల చల్లటి నీరు గాలి నుంచి లీటరుకు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది. కోయి మన బంగారుతీగకి చుట్టమే. కానీ రంగుల కోసం దాన్ని ఏరి పెంచినవాళ్ళు జపాన్‌లో మంచు విపరీతంగా కురిసే నీగాటా కొండల వరి రైతులు. 19వ శతాబ్దపు తొలి రోజుల్లో మొదలైన ఆ పని, 1914 టోక్యో ప్రదర్శనతో లోకానికి తెలిసింది. ఆ చల్లని కొండల చేపని తెచ్చి రోహిణి కార్తెలో రెండడుగుల నీళ్ళలో పెట్టినవాణ్ణి నేను. నీ పాపంలో నా వాటా అక్కడి నుంచే మొదలు.

బావమరిది ఇంకో మాట కూడా అన్నాడు. "నీకు వద్దన్న ఆ రంగు రావాలనే మేం చెరువులో పేడ వేస్తాం, సూపర్ ఫాస్ఫేట్ చల్లుతాం." వాళ్ళు మోచేతి దాకా చెయ్యి ముంచి చూస్తారట. అరచెయ్యి మసకబారితే నీళ్ళకి రంగు పట్టినట్టు. ఆ రంగును తిని సూక్ష్మజీవులు బతుకుతాయి, వాటిని తిని బొచ్చెలు పెరుగుతాయి. అక్కడ నువ్వు పంటకి ఎరువువి. నా పెరట్లో ప్రాణగండానివి. రెండు చోట్లా నువ్వు ఒక్కదానివే. తేడా నీళ్ళ కొలతలో ఉంది, నీళ్ళలోకి మనిషి వేసేదాంట్లో ఉంది.

నా లెక్క అప్పుడు తీశాను. వంద గ్రాముల మేతలో 35 గ్రాముల మాంసకృత్తులుంటే, అందులో నత్రజని ఐదున్నర గ్రాములు. చేప ఒంటికి పట్టేది కొంతే. సగానికి పైగా అమ్మోనియాగా, రెట్టగా నీళ్ళలోకే వస్తుంది. పిల్లలు ముచ్చటపడి రోజుకి నాలుగుసార్లు మేత వేసేవారు, నేను వద్దనలేదు. తొట్టి అంచు నేలమట్టానికే ఉండేది. వాన పడినప్పుడల్లా మల్లెపాదుల్లోని పశువుల ఎరువు కొట్టుకొచ్చి అందులోనే పడేది. తలుపు తీసి, విస్తరి వేసి, పైన దీపం కూడా పెట్టి పిలిచాను. నువ్వు వచ్చావు.

జూన్‌లో తొలి వానలకి ఎర్రమట్టి మెత్తబడగానే పెద్ద కొలను తవ్వడం మొదలుపెట్టాం. పదహారడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. 20 వేల లీటర్ల పైచిలుకు. పలుగూ పారా పట్టి ఇంత పని చేయడం నాకదే మొదలు. గొయ్యి నడుము లోతు దాటాక తాపీమేస్త్రి వచ్చి చూసి, "ఏటి బాబూ, నుయ్యి తీస్తన్నారా?" అన్నాడు. చేపల కోసమంటే నమ్మలేదు. ఇరవై టన్నుల నీళ్ళు ఇందులో నిలుస్తాయని లెక్క చెప్పాక, ఇనప ఊచల పని అతని చేతికే వదిలేశాను. అడుగు నాలుగు వైపుల నుంచీ నడిమధ్యకి వాలుగా పోయించాను. నడుమ నాలుగంగుళాల పీవీసీ గొట్టం. చేపల రెట్ట, రాలిన ఆకు, మిగిలిన మేత అక్కడికి జారి, గొట్టం గుండా గోడవతల డ్రమ్ములోకి పోతాయి. పాత తొట్టిలో అదే లేదు. మురికి అడుగున ఉండిపోతే, పైన నీళ్ళు ఎంత మార్చినా నీకు భోజనం పెడుతున్నట్టే. ఈసారి గట్టు నేలకన్నా తొమ్మిదంగుళాలు ఎత్తు కట్టించాను, వాననీరు ఎరువుని మోసుకురాకుండా.

కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరుతుంది. నీటి పీహెచ్ చేపలు తట్టుకోలేనంతగా పెరుగుతుంది. అందుకని నీళ్ళు నింపి, అరటిబోదెలు ముక్కలు చేసి పడేసి, వారానికోసారి తోడేసి మళ్ళీ నింపాం. మూడుసార్లు. డ్రమ్ములు మూడు వరసగా పెట్టాం. మొదటిదాంట్లో మడ్డి అడుక్కి దిగుతుంది. రెండోదాంట్లో పాత నైలాన్ వలల ఉండలు, మూడోదాంట్లో బొరియల రాళ్ళు. గంటకి పది వేల లీటర్లు తోడే మోటారు. అంటే కొలనంతా రెండు గంటలకోసారి డ్రమ్ముల గుండా తిరిగి వస్తుంది. నీళ్ళలోకి గాలి ఊదే చిన్న పంపుని ఇన్వర్టరుకి కలిపాను. ఆ రాత్రి మళ్ళీ రాకూడదు.

ఆగస్టు 25న 11 చేపల్నీ కొత్త కొలనులోకి దింపాం. పెద్ద నీళ్ళు చూసి రెండు రోజులు మూలల్లో నక్కాయి. మూడో రోజుకి బారులు తీరి ఈదాయి. చేపకి 1,850 లీటర్ల చోటు. ఇక నీతో పని లేదనుకున్నాను.

పన్నెండో రోజుకి నువ్వు వచ్చేశావు.

ఆ రోజు నా ఒంట్లో సత్తువ ఉన్నట్టుండి పోయింది. మూడు నెలల చెమట, చేతుల బొబ్బలు, దాచుకున్న డబ్బు, అన్నీ పచ్చగా మారిపోయాయి. 1865లో ఇటలీలో ఆంజెలో సెకీ అనే మతగురువు సముద్రంలోకి పళ్ళెం దించి నీటి తేటదనం కొలిచాడని చదివాను. ఒక డబ్బా మూతకి నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగులు వేసి, కింద బరువు కట్టి, అంగుళానికో గుర్తు పెట్టిన తాడుతో దించాను. ఏడంగుళాల దగ్గర మూత మాయమైంది. వంటింటి క్యాలెండరులో సెప్టెంబరు 5 గడిలో 7 అని రాశాను.

సలహాలు వచ్చిపడ్డాయి. ఒకరు మైలతుత్తం వెయ్యమన్నారు. ఒకరు బ్లీచింగ్ అన్నారు. ఒక దుకాణంలో పాచి తినే సక్కర్ చేప చూపించారు. పెద్దావిడ ఒకరు చిల్లగింజ అరగదీసి కలపమన్నారు. రొయ్యల చెరువులున్న స్నేహితుడు బెల్లం పొయ్యమన్నాడు.

ఒక్కోదానికీ జవాబు వెతుక్కున్నాను. చిల్లగింజ బురదనీటిని తేర్చే మంచి వస్తువు, మన అమ్మమ్మలు కుండల్లో వాడారు. బతికి, పెరుగుతూ ఉన్న నిన్ను అది ఆపలేదు. సక్కర్ చేప గోడల్ని నాకుతుంది కానీ నీళ్ళలో తేలే నిన్ను తినదు. పైగా అది శారదా నదిలోకో, చెరువుల్లోకో చేరితే ఆపడం మనవల్ల కాదు. చేపల రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు, దాని గట్టి ముళ్ళు వలల్ని చింపుతాయి. బెల్లం సలహా మా ఊరి మనిషిగా నాకు నచ్చింది. బెల్లంలోని కర్బనం తిని బాక్టీరియా పెరుగుతాయి, పెరగడానికి నీళ్ళలోని అమ్మోనియాని వాడుకుంటాయి. నిజమే. కానీ ఆ పని చేస్తూ అవీ ప్రాణవాయువునే పీల్చుకుంటాయి. రాత్రింబవళ్ళు ఏరియేటర్లు తిరిగే చెరువులో అది చెల్లుతుంది. చిన్న గాలిపంపు ఉన్న పెరట్లో ఆ సాహసం చేయలేను.

ఇక మైలతుత్తం. నిన్ను చంపడం దానికి తేలికే. క్షారగుణం, సున్నం తక్కువున్న నీళ్ళయితే అదే మోతాదు చేపల్నీ చంపుతుంది. చేపలు బతికి బట్టకట్టినా, చచ్చిన నువ్వు ఎక్కడికి పోతావు? నీళ్ళలోనే కుళ్ళుతావు. కుళ్ళేటప్పుడు ప్రాణవాయువు అంతా లాగేస్తావు, నువ్వు తిన్న నత్రజనిని మళ్ళీ అమ్మోనియాగా కక్కుతావు. పదిరోజుల్లో అదే ఎరువు మీద నీ పిల్లలు మొలుస్తాయి.

ఇక్కడ మా తాత గుర్తొచ్చాడు. మునగపాక వైపు చెరకుతోటల మధ్య బెల్లం వండేవాడు. పెనంలో రసం కాగుతుంటే సున్నపుతేట వేసేవాడు. మురికంతా నురగతో తెట్టు కట్టి పైకి లేచేది. మంట తగ్గించి, పెనం అంచు నుంచి లోపలికి చిల్లుల గరిటె మెల్లగా తోస్తూ, ఆ తెట్టుని ఎత్తి పక్క బానలో వేసేవాడు. చిన్నతనంలో నేను కట్టె ఎగదోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ సమయంలో మంట పెంచితే తెట్టు విరిగి రసంలో కలిసిపోతుంది, దిమ్మ నల్లబడుతుంది. మా తాత తెట్టుని రసంలో అణచలేదు, బయటికి తీశాడు.

నీ విషయంలోనూ మార్గం అదేనని నాకు తోచింది. నిన్ను నీళ్ళలో చంపకూడదు. నిన్ను పెంచేదాన్ని నీళ్ళలోంచి బయటికి తీయాలి.

అప్పటి నుంచి చేసింది రాస్తాను, నాలాంటివాళ్ళకి పనికొస్తుంది. మేత వారంపాటు ఆపేశాను. ఆరోగ్యంగా ఉన్న కోయికి వారం ఉపవాసంతో ఏమీ కాదు. అమ్మోనియా పరీక్ష గొట్టంలో పసుపు రంగు ఆకుపచ్చకి తిరిగినప్పుడల్లా అయిదో వంతు నీళ్ళు తీసి అరటిచెట్లకి పారించి, కొత్త నీళ్ళు పెట్టాను. కుళాయి నీళ్ళయితే క్లోరిన్‌కి విరుగుడు కలిపాను. అమ్మోనియాని తినే బాక్టీరియా డ్రమ్ముల్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒకరకం దాన్ని నైట్రైటు చేస్తుంది, ఇంకోరకం ఆ నైట్రైటుని నైట్రేటు చేస్తుంది. ఆ ఆరు వారాల్లో పచ్చదనం చూసి తొందరపడేవాళ్ళే మైలతుత్తం డబ్బా తెరుస్తారు. డబ్బా తెరిచిన రోజున ఆ బాక్టీరియాకీ ప్రాణం మీదికొస్తుంది, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆ రోజుల్లో భయపడ్డది అమ్మోనియా కన్నా నీ మధ్యాహ్నాలకి. ఎండలో నువ్వు నీళ్ళలోని బొగ్గుపులుసు వాయువుని లాగేస్తే పీహెచ్ ఎక్కుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 దగ్గర ఉన్న అమ్మోనియాలో చేపకి విషమయ్యే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 9 అయితే అది సగానికి దగ్గర పడుతుంది. పొద్దున చూసి బాగుందనుకున్న నీళ్ళు మూడు గంటలకి బాగుండకపోవచ్చు. అందుకే నర్సరీల వాళ్ళు వాడే పచ్చ నెట్ కొలను మీద సగానికి కట్టాను. యూవీ దీపం కూడా మంచిదే, తేలే నిన్ను ముద్దలు కట్టించి వడపోతలో చిక్కేలా చేస్తుంది. కానీ ఆ ముద్దల్ని రోజూ కడిగి పారబోయని ఇంట్లో దానివల్లా ఉపయోగం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పని పాత తొట్టితో చేశాను. మూడు చేపలు పోయిన ఆ తొట్టిని పూడ్చెయ్యాలని ఇంట్లో అన్నారు. పూడ్చలేదు. గులకరాళ్ళు పోసి, తూటికూర, చేమ, ఒక మూల తామర పెట్టాను. కోయిలు మొక్కల్ని వేళ్ళతో సహా పెకిలిస్తాయి కనక వాటికి ఆ తొట్టిలోకి దారి లేదు. డ్రమ్ములు దాటిన నీళ్ళు మాత్రం దాని గుండా మెల్లగా పారి కొలనులోకి జారతాయి. ఈ పాఠం కొండకర్ల ఆవ అనే సరస్సులో నేర్చుకున్నాను. రెండు తాటిబోదెల్ని జత కట్టిన దోనె మీద అక్కడ తిరిగినప్పుడు, తుంగా తామరా ఒత్తుగా ఉన్నచోట నీళ్ళలోకి చూశాను. తేటగా ఉన్నాయి. నీకన్నా ముందు వాటి వేళ్ళు భోజనానికి కూర్చున్నాయి. గుర్రపుడెక్క ఇంకా వేగంగా తింటుందని కొందరంటారు. నిజమే అయినా తెచ్చుకోను. మన చెరువుల్ని అది ఎలా కప్పేసిందో చూశాను, నా గట్టు దాటిన ఒక్క పిలక చాలు.

తూటికూర వారానికోసారి కోస్తున్నాను. కోసిన ప్రతి కట్టలో నువ్వు తినాల్సిన నత్రజని కొంత ఉంది. ఆ కట్టలు పక్కింటి ఆవుకి పోతున్నాయి. మా తాత తెట్టు తీసి వేసిన బాన నా పెరట్లో ఇదే.

ఇప్పుడు ఒప్పందం.

నీకు గోడలు ఇస్తున్నాను. నాలుగు వైపులా సిమెంటు మీద, పారే నీళ్ళ దారిలోని రాళ్ళ మీద, వేలితో రాస్తే మెత్తగా తగిలేంత పొరగా ఉండు. చేపలు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి నిన్ను గీరుకు తింటాయి. కొత్త సిమెంటు కరుకుకి వాటి ఒళ్ళు గీరుకోకుండా నువ్వు అడ్డం ఉంటావు. ఆ పొరని నేను తోమను. భూమ్మీద గాలిలోకి ప్రాణవాయువు మొదట నింపింది నీ పూర్వీకులే, 240 కోట్ల ఏళ్ళ కిందట. ఆ రుణం నేను మరిచిపోలేదు. నడిమి నీళ్ళు మాత్రం చేపలవి. అక్కడ నిన్ను ఉండనివ్వను. విషంతో కాదు, మేత తగ్గించి, నీడ పెంచి, తూటికూర కోసి.

నా వైపు నుంచి మాట ఇస్తున్నాను. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత, రోజుకి రెండుసార్లు. మళ్ళీ చేపలు కొనను, ఉన్న 11 పెరిగి రెండడుగులయ్యే దాకా ఈ నీళ్ళు వాటికే. కరెంటుని నమ్మను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ప్రాంతం రోజుల తరబడి చీకట్లో ఉంది. నిన్ననే ఆ తేదీ గడిచింది. ఇన్వర్టరు బ్యాటరీ అయిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. వంతులు వేసుకుని బకెట్లు.

క్యాలెండరులో అంకెలు ఇలా ఉన్నాయి. సెప్టెంబరు 5న 7. సెప్టెంబరు 20న 9, ఆ రోజు ఓపిక పోయినంత పనయింది. అక్టోబరు 1న 19. ఈ ఉదయం మూత దించుతుంటే మా అమ్మాయి గట్టు మీద కూర్చుని చేపల్ని లెక్కపెట్టింది. పదకొండూ ఒకేసారి కనిపించడం ఇదే మొదలు. ఒకటి గోడకి మూతి ఆనించి నీ పొరని గీరుతోంది. తాడు నా వేళ్ళలోంచి జారుతూ పోయి 38 దగ్గర మూత మసకబారింది.

అడుగు 54 దగ్గర ఉంది. ఇంకా పదహారంగుళాలు నీ చేతుల్లోనే ఉన్నాయి. తొందర లేదు. రేపు పొద్దున మూత పట్టుకుని మళ్ళీ వస్తాను.

ఇట్లు,
పదకొండు చేపల కాపరి.